ఆత్మరక్షణ పిస్టల్ తూటా: కొరత కాలంలో ప్రత్యామ్నాయం

అమెరికాలో పౌరులు దుస్తుల చాటున వెంట ఉంచుకునే చేతి తుపాకిలో నింపే తూటాను అక్కడివాళ్లు ‘క్యారీ అమ్మో’ అంటారు. సాధనకు కాల్చే చవక తూటా వేరు, ఇది వేరు. సాధన తూటాలోని గుండుకు మొన గుండ్రంగా ఉంటుంది, చుట్టూ రాగి తొడుగు ఉంటుంది. తగిలిన దానిలోంచి అది నేరుగా దూసుకుపోతుంది. వెంట ఉంచుకునే తూటాలో గుండు మొనకు చిన్న గుంట ఉంటుంది. తడి కణజాలంలోకి దిగగానే గుంట నిండి, అంచులు వెనక్కి విచ్చుకుంటాయి. గుండు వెడల్పై త్వరగా ఆగుతుంది. దీన్నే హాలో పాయింట్ అంటారు. ఈ వ్యాసంలో ‘తూటా’ అంటే ఇత్తడి గుల్ల, మందు, ప్రైమర్, గుండు అన్నీ కలిసినది. ‘గుండు’ అంటే బ్యారెల్ దాటి బయటికి వెళ్లే లోహం మాత్రమే.

ఒక రకానికి అలవాటుపడి, తన తుపాకిలో అది నమ్మకంగా పనిచేస్తుందని తేల్చుకున్న వ్యక్తికి అదే రకం బజారులో కనబడకపోతే దాని బదులు ఏది కొనాలి? 2008 నుంచి అమెరికాలో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. తుపాకుల పత్రికలు దీన్ని బ్రాండ్ల పోటీగా రాస్తాయి. నిజానికి పేరున్న నాలుగైదు బ్రాండ్ల మధ్య తేడా చాలా కొంచెం. కొత్త తూటా ఆ ఒక్క తుపాకిలో ఎలా నడుస్తుందన్నదే అసలు సంగతి. డబ్బా మీద అచ్చువేసిన అంకెల్లో దానికి జవాబు ఉండదు.

కొరతలు ఎలా వచ్చాయి

మొదటి పెద్ద కొరత 2008 నవంబరులో బరాక్ ఒబామా ఎన్నికైన తర్వాత వచ్చింది. కొత్త ప్రభుత్వం ఆయుధ చట్టాలు బిగిస్తుందన్న భయంతో జనం ముందుగానే కొని దాచుకున్నారు. అనుకున్న చట్టం రాలేదు గానీ 2009 పొడవునా దుకాణాల అరలు ఖాళీగానే ఉన్నాయి. రెండోది 2012 డిసెంబరు 14 తర్వాత. ఆ రోజు కనెక్టికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది హతమయ్యారు. దేశంలో ఆయుధ నియంత్రణ చర్చ రాజుకుంది, వెంటనే కొనుగోళ్లు ఎగిశాయి. ఆ విడత పిస్టల్ తూటాలు కొన్ని నెలల్లో మళ్లీ కనబడ్డాయి. అన్నిటికంటే చవకైన .22 తూటా మాత్రం చాలాచోట్ల ఏళ్ల తరబడి దొరకలేదు.

మూడోది 2020 నాటిది, అన్నిటికంటే తీవ్రమైనది. కరోనా, వీధుల్లో అలజడి, అధ్యక్ష ఎన్నిక ఒకే ఏడాది వచ్చిపడ్డాయి. తుపాకి కొనేవారి పూర్వాపరాలు చూసే ఎఫ్‌బీఐ వ్యవస్థలో 2019లో 2 కోట్ల 84 లక్షల తనిఖీలు జరిగితే, 2020లో 3 కోట్ల 97 లక్షలు జరిగాయి. తనిఖీల సంఖ్య అమ్మకాల సంఖ్యకు సమానం కాదు, అయినా ఒరవడి ఎటో తెలుస్తుంది. కొత్తగా తుపాకి కొన్న ప్రతివారూ ఒకటి రెండు డబ్బాల తూటాలు కూడా కొన్నారు. అదే సమయంలో పాత కంపెనీ రెమింగ్టన్ దివాలా తీసింది. ఆర్కన్సాస్ రాష్ట్రం లోనోక్‌లోని దాని తూటాల కర్మాగారం చేతులు మారింది. ఏడాది తిరిగేసరికి సాధారణ 9 ఎంఎం సాధన తూటా ధర మూడు నాలుగు రెట్లయింది. 2021 సెప్టెంబరులో రష్యా తూటాల కొత్త దిగుమతి అనుమతులకు అమెరికా ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. దాంతో చవక ఉక్కు గుల్ల తూటాల దారి కూడా ఇరుకైంది.

ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచలేకపోవడానికి ముఖ్య కారణం ప్రైమర్. తూటా అడుగున ఉండే ఈ చిన్న లోహపు టోపీలో దెబ్బకు పేలే రసాయనం ఉంటుంది. దాన్ని తడిగా ఉండగా జాగ్రత్తగా నింపాలి. ఆ పని చేసే కర్మాగారాలు అమెరికాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గుల్లలకు ఇత్తడీ, గుండ్లకు సీసమూ ఎంతో కొంత సమకూర్చుకోవచ్చు. ప్రైమర్ కర్మాగారం ఇంకొకటి కట్టాలంటే ఏళ్లు పడుతుంది, పైగా గిరాకీ తగ్గాక అది ఖాళీగా పడి ఉంటుంది. ఇది తెలిసిన యజమానులు కొరత వచ్చిన ప్రతిసారీ అదనపు షిఫ్టులు నడిపి సరిపెట్టుకున్నారు. ఉన్న సామర్థ్యంలో పెద్ద వాటా సాధన తూటాలకు, ప్రభుత్వ ఒప్పందాలకు పోతుంది. ఆత్మరక్షణ రకాలు విడతలు విడతలుగా తయారవుతాయి. అందుకే వాటిలో ఒక ప్రత్యేకమైన బరువు, ఒక ప్రత్యేకమైన పేరు నెలల తరబడి కనబడకపోవడం మామూలు.

కొరతల వెంట పుకార్లూ వచ్చాయి. అంతర్గత భద్రతా శాఖ 160 కోట్ల తూటాలు కొని దాస్తోందని 2013లో గట్టి ప్రచారం జరిగింది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ విచారించి, ఆ శాఖ కొనుగోళ్లు అంతకుముందు ఏళ్ల కన్నా తగ్గాయని 2014లో చెప్పింది. మిస్సోరీలోని హర్క్యులేనియంలో, దేశంలో ఖనిజం నుంచి సీసం తీసే చివరి కొలిమి 2013 చివర మూతపడితే, ఇక గుండ్లకు సీసం ఉండదన్నారు. గుండ్లకు వాడే సీసంలో ఎక్కువ భాగం పాత బ్యాటరీల వంటి వాటిని కరిగించి తీసిందే. కొలిమి మూతకూ కొరతకూ సంబంధం లేదు.

ఇష్టమైన రకం మాయం కావడానికి గిరాకీ ఒక్కటే కారణం కానక్కర్లేదు. వించెస్టర్ కంపెనీ 1991లో తెచ్చిన బ్లాక్ టాలన్ నల్లటి పూతతో, విచ్చుకున్నాక గోళ్లలా నిలిచే రాగి అంచులతో పేరు తెచ్చుకుంది. 1993 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక కార్యాలయ భవనంలో సామూహిక హత్యలు చేసిన వ్యక్తి దగ్గర అవి ఉన్నాయి. పేరు, రంగు, ప్రకటనలు కలిసి దాన్ని టీవీ చర్చల్లో రాక్షసిగా మార్చాయి. అదే ఏడాది చివర కంపెనీ పౌరులకు అమ్మడం ఆపేసింది. అదే పద్ధతి గుండు తర్వాత నల్ల పూత లేకుండా, రేంజర్ అన్న నిదానమైన పేరుతో పోలీసు శాఖలకు వెళ్లింది. పేరుకు ఎంత విలువ ఇవ్వాలో ఈ ఉదంతం చూస్తే అర్థమవుతుంది.

కొలమానం పుట్టిన తీరు

విచ్చుకునే గుండు చరిత్రలో మన దేశానికి పెద్ద భాగమే ఉంది. 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ నెవిల్ బర్టీ క్లే .303 రైఫిల్ గుండు మొన దగ్గర తొడుగు తీసి, సీసం బయటపడేలా చేశాడు. వాయవ్య సరిహద్దులో పూర్తి తొడుగు గుండ్లు పఠాన్ యోధులను ఆపలేకపోతున్నాయన్న బ్రిటిష్ సేనల ఫిర్యాదుకు అది జవాబు. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో ఇలాంటి గుండ్లను నిషేధించింది. ఆ నిషేధం దేశాల మధ్య యుద్ధాలకు మాత్రమే వర్తిస్తుంది. అందుకే సైనికుడు వాడకూడని గుండును పోలీసు వాడతాడు. వినడానికి తలకిందులుగా ఉన్నా దీనికో కారణం ఉంది: ఊరి మధ్యలో కాల్చిన గుండు నిందితుడి శరీరం దాటి వెనకనున్న బాటసారిని తాకకూడదు. న్యూయార్క్ పోలీసులు 1998లో హాలో పాయింట్‌కు మారినప్పుడు చెప్పిన ముఖ్య కారణం అదే.

అమెరికన్ సైన్యం ఈ శాస్త్రంలోకి వేరే దారిలో వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులపై .38 రివాల్వర్లు చాల్లేదన్న మాట విని, 1904లో జాన్ థాంప్సన్, లూయీ లగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో పశువధశాలల్లో ఎద్దుల మీదా, మనుషుల శవాల మీదా వివిధ గుండ్లు కాల్చి చూశారు. .45 కన్నా తక్కువ కాకూడదని తేల్చారు. ఆ పరీక్ష పద్ధతి ఈనాటి కొలతల్లో నిలబడదు. అయినా ‘పెద్ద గుండు పడగొడుతుంది’ అన్న నమ్మకం అక్కడి నుంచి మరో వందేళ్లు నడిచింది. 1960లలో లీ జురాస్ స్థాపించిన సూపర్ వెల్ కంపెనీ తేలికైన, వేగమైన హాలో పాయింట్లు తెచ్చి ఎదురు వాదం మొదలుపెట్టింది.

ఆ వాదాన్ని మలుపు తిప్పింది 1986 ఏప్రిల్ 11న మయామీ శివారులో జరిగిన కాల్పులు. ఇద్దరు బ్యాంకు దొంగలను ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు కార్లతో అడ్డగించారు. కొట్లాట మొదట్లోనే ఒక ఏజెంటు కాల్చిన 9 ఎంఎం గుండు, 115 గ్రెయిన్ల (దాదాపు 7.5 గ్రాముల) సిల్వర్‌టిప్ రకం హాలో పాయింట్, మైకేల్ ప్లాట్ అనే దొంగ కుడి చేతిని దాటి ఛాతీలోకి దిగింది. ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ప్రాణాంతకమైన గాయమే. అయినా ప్లాట్ ఆ తర్వాత నిమిషాల పాటు రైఫిల్ పేలుస్తూనే ఉన్నాడు. జెర్రీ డోవ్, బెంజమిన్ గ్రోగన్ అనే ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు.

తప్పు గుండుదా, వ్యూహానిదా అన్నది ఇప్పటికీ వాదమే. సిల్వర్‌టిప్ తనను తయారుచేసిన పద్ధతి ప్రకారమే పనిచేసింది. త్వరగా విచ్చుకుని, త్వరగా ఆగింది. ఆ పద్ధతే సరైనదా అన్న ప్రశ్నను ఎఫ్‌బీఐ తీసుకుంది. 1987లో క్వాంటికోలో గాయాల నిపుణులను సమావేశపరిచింది. సైన్యం లెటర్‌మన్ పరిశోధన సంస్థలో గాయాల ప్రయోగశాల నడిపిన శస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్ వాదన అందులో గట్టిగా నిలిచింది. చేతి తుపాకి గుండుకు మనిషిని పడగొట్టే ‘ధక్కా’ అంటూ ఏదీ లేదు. గుండెకు గానీ, మెదడుకు గానీ, వెన్నుపాముకు గానీ, పెద్ద రక్తనాళాలకు గానీ చేరేంత లోతుకు వెళ్లడమే అన్నిటికన్నా ముఖ్యం. గుండు వెడల్పు రెండో మాట. ఎఫ్‌బీఐ శిక్షకుడు యూరీ ప్యాట్రిక్ 1989లో దీన్ని ఒక చిన్న నివేదికగా రాశారు. ఈ రంగంలో అంత సూటిగా రాసిన పత్రం అరుదు.

అప్పుడు పుట్టిన పరీక్షే ఇప్పటికీ కొలమానం. పది శాతం జెలటిన్ దిమ్మెను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి కాలుస్తారు. దిమ్మె సరిగా కుదిరిందా లేదా అని ముందు ఒక చిన్న ఉక్కు పూసను నిర్ణీత వేగంతో కాల్చి, ఎంత లోతు దిగిందో చూస్తారు. ఆ తర్వాత వట్టి దిమ్మె మీద, మందపాటి బట్టల గుండా, ఉక్కు రేకు, గోడపలక, ప్లైవుడ్, కారు అద్దం గుండా వరుసగా కాలుస్తారు. గుండు 12 నుంచి 18 అంగుళాల లోతులో, అంటే సుమారు 30 నుంచి 46 సెంటీమీటర్ల మధ్య, ఆగాలి. మనిషి ఛాతీ అంత లోతు ఉండదు కదా అనిపించవచ్చు. అడ్డంగా తిరిగి నిలబడిన మనిషి చేయి చాచి ఉంటే గుండు ముందు ఆ చేతిని దాటాలి. మయామీలో జరిగింది సరిగ్గా అదే.

పరీక్ష ఒకటి వచ్చాక కంపెనీలన్నీ దాన్ని నెగ్గడానికే గుండ్లు తయారుచేశాయి. అన్నీ ఒకే ప్రశ్నపత్రానికి జవాబు రాయడంతో ఫలితాలు దగ్గరదగ్గరగా వచ్చాయి. మొదట ఎఫ్‌బీఐ 10 ఎంఎంకు వెళ్లింది. దాని తన్ను, అంటే కాల్చినప్పుడు తుపాకి వెనక్కి నెట్టే బలం, ఎక్కువని తేలాక 1990లో .40 స్మిత్ అండ్ వెసన్ పుట్టింది. పాతికేళ్లలో 9 ఎంఎం గుండు బాగుపడింది. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం తిరిగి 9 ఎంఎంకే ఓటు వేసింది: గాయం తేడా గుర్తించలేనంత, తన్ను తక్కువ, తూటాలు ఎక్కువ పడతాయి, ఏజెంట్లు బాగా గురి కొడతారు. అమెరికా పోలీసు శాఖల్లో ఎక్కువ భాగం అదే దారిపట్టాయి.

ఒకే తరగతి తూటాలు

కొరతలో ప్రత్యామ్నాయం వెతికేవారికి ఈ చరిత్ర వల్ల కలిగే లాభం పెద్దది. ఫెడరల్ వారి హెచ్‌ఎస్‌టీ, స్పియర్ వారి గోల్డ్ డాట్, వించెస్టర్ రేంజర్, హార్నడీ క్రిటికల్ డ్యూటీ, ఇవన్నీ పోలీసు ఒప్పందాల కోసం ఆ పరీక్ష చుట్టూ అల్లిన రకాలు. ఒకటి లేనప్పుడు ఇంకొకటి వాడితే గాయం శాస్త్రం దృష్టిలో నష్టమేమీ లేదు. హెచ్‌ఎస్‌టీ కాస్త ఎక్కువ విచ్చుకుంటుంది. క్రిటికల్ డ్యూటీ కాస్త తక్కువ విచ్చుకుని లోతుగా వెళ్తుంది, అడ్డంకుల గుండా నిలకడగా ఉంటుంది. అంగుళం అటూఇటూ తేడా కోసం మూడు రెట్ల ధర పెట్టడం డబ్బు దండగ.

ఒకే రకం రెండు వేషాల్లో వస్తుందన్న సంగతి చాలామంది కొనుగోలుదారులకు తెలియదు. దుకాణాల్లో కనిపించే రంగుల డబ్బాలో 20 తూటాలుంటాయి. పోలీసు సరఫరాకు తయారైన సాదా డబ్బాలో 50 ఉంటాయి. రెంటిలోనూ అదే తూటా. ఆ సాదా డబ్బాలు పౌరులకు అమ్మకూడదన్న సమాఖ్య చట్టం ఏదీ లేదు. కొరతలో మొదట చూడాల్సిన చోటు ఇదే.

పేరు మార్చే ముందు బరువు మార్చి చూడటం మరో దారి. 9 ఎంఎంలో మూడు బరువులు ప్రధానం: 115, 124, 147 గ్రెయిన్లు, అంటే దాదాపు 7.5, 8, 9.5 గ్రాములు. 147 నెమ్మదిగా, సెకనుకు 300 మీటర్ల చుట్టూ ప్రయాణిస్తుంది. 124 అంతకన్నా వేగం. పొట్టి బ్యారెల్ పిస్టళ్లలో వేగం తగ్గుతుంది. వేగం మీదే ఆధారపడి విచ్చుకునే తేలిక గుండ్లకు అది ఎక్కువ దెబ్బ. అందుకే మూడంగుళాల జేబు పిస్టల్‌లో కొందరు 147కే మొగ్గుతారు. ఇలాంటి తుపాకుల కోసమే తయారైన క్రిటికల్ డిఫెన్స్ గుండుకు గుంటలో మెత్తటి ప్లాస్టిక్ మొన ఉంటుంది, బట్ట పీచు గుంటలో కూరుకుపోకుండా. పాత పద్ధతి హాలో పాయింట్ల బలహీనత అదే. మందపాటి కోటు గుండా వెళ్లేసరికి గుంటలో బట్ట బిగుసుకుని, సాధన గుండులా నేరుగా పోతాయి.

కొరతలో బయటి దేశాల డబ్బాలు ముందుకొస్తాయి: చెక్ దేశపు సెలియర్ అండ్ బెలో (1825లో పుట్టింది), ఇటలీ ఫియోకీ (1876), బ్రెజిల్ సీబీసీ వారి మాగ్‌టెక్, సెర్బియా ప్రవి పార్టిజాన్. వీటి సాధన తూటాలకు మంచి పేరే ఉంది. వాటి హాలో పాయింట్లలో మాత్రం కొన్ని పాత పద్ధతివి. స్వతంత్ర పరీక్ష ఫలితం చూడకుండా, డబ్బా మీది బొమ్మ చూసి నమ్మకూడదు. బజారులో దొరికే పారదర్శక కృత్రిమ జెల్‌తో చేసే పరీక్షలు అసలు జెలటిన్ పరీక్షకు సమానం కాదు. ఒక రకాన్ని మరో రకంతో పోల్చడానికి పనికొస్తాయి గానీ, ఆ లోతులను ఎఫ్‌బీఐ అంకెల పక్కన పెట్టి చూడటం తప్పు.

ఏ హాలో పాయింటూ దొరకకపోతే? సాధన తూటాతో సరిపెట్టుకోవచ్చా? 9 ఎంఎంలో అది జెలటిన్‌లో రెండడుగులకు పైగా వెళ్తుంది. పని జరగదని కాదు, అవతలివైపు ఎవరున్నారన్నదే భయం. ఇంటి గోడలు పలకలతో కట్టిన దేశంలో ఈ భయం చిన్నది కాదు.

చిన్న తూటాల చిక్కు

9 ఎంఎం వాడేవారికి కొరతలోనూ దారులున్నాయి. .45 వాడేవారికీ అంతే. 230 గ్రెయిన్ల గుండు వేగం తక్కువైనా బరువుతో లోతుకు వెళ్తుంది. చిక్కంతా .380 దగ్గరే. జాన్ బ్రౌనింగ్ 1908లో తెచ్చిన ఈ చిన్న తూటాకు రెండు పనులూ చేసే శక్తి ఉండదు. బాగా విచ్చుకుంటే లోతు చాలదు, లోతుకు వెళ్తే విచ్చుకోదు. పన్నెండు అంగుళాలు దాటుతూ కొంచెమైనా విచ్చుకునే రకాలు కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి దొరకకపోతే ఏదో ఒక హాలో పాయింట్ తెచ్చి నింపడం కన్నా, నమ్మకంగా నడిచే పూర్తి తొడుగు గుండునే ఎంచుకునే అనుభవజ్ఞులు ఉన్నారు. వారి వాదనలో పస ఉంది. ఇంత చిన్న తూటాలో విచ్చుకోవడం కోసం లోతును వదులుకోలేం.

రెండంగుళాల బ్యారెల్ .38 రివాల్వర్‌దీ ఇలాంటి సమస్యే. దీనికోసం స్పియర్ తయారుచేసిన 135 గ్రెయిన్ల గోల్డ్ డాట్ కొరతల్లో ముందుగా మాయమయ్యే వాటిలో ఒకటి. దాని బదులు చాలామంది పాత మార్గం పట్టారు: 148 గ్రెయిన్ల వాడ్‌కటర్. ఇది లక్ష్యపు కాగితంలో శుభ్రమైన రంధ్రం పడేందుకు చేసిన గుండు, మొన పూర్తిగా చదును. నిదానంగా వెళ్తుంది, విచ్చుకోదు. కానీ తన్ను చాలా తక్కువ, లోతు చాలినంత, పదునైన అంచుతో నిండు వెడల్పు రంధ్రం చేస్తుంది. దీనికో లోపం ఉంది. మొన చదునుగా ఉండటంతో మళ్లీ నింపేటప్పుడు సిలిండర్ రంధ్రాల్లోకి జారదు, అంచుకు తగులుకుంటుంది. అందుకే కొందరు తుపాకిలో మొదటి ఐదూ వాడ్‌కటర్లు నింపి, మళ్లీ నింపడానికి జేబులో గుండ్రటి మొనవి పెట్టుకుంటారు.

ఒకేలా కనిపించేవి

ఖాళీ అరల ముందు కంగారులో జరిగే తప్పులు గాయం లెక్కల కన్నా ప్రమాదకరం. 9 ఎంఎం లూగర్, 9 ఎంఎం పారాబెల్లం, 9×19 మూడూ ఒకటే. 9 ఎంఎం మకరోవ్ వేరు, గుండు వ్యాసమే తేడా. 9 ఎంఎం షార్ట్, కుర్జ్, కోర్టో అని యూరప్ డబ్బాల మీద ఉంటే అది .380. .38 స్పెషల్ రివాల్వర్ తూటా, .38 సూపర్ పిస్టల్ తూటా, పాత .38 స్మిత్ అండ్ వెసన్ మరొకటి. బ్యారెల్ మీద చెక్కిన పేరు, డబ్బా మీది పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు మూడూ కలవాలి.

తర్వాతిది పీడనం. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ 1926లో పుట్టింది. 9 ఎంఎంకు అది పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ‘ప్లస్ పి’ గుర్తు ఉన్నదానికి 38,500. ‘ప్లస్ పి ప్లస్’కు సామీ హద్దు అంటూ ఏదీ లేదు, తయారీదారు ఎంత పెడితే అంత. మామూలు రకం దొరకక ప్లస్ పి కొనేవారు తమ తుపాకి పుస్తకంలో దానికి అనుమతి ఉందో లేదో చూడాలి. పాత తేలిక లోహపు రివాల్వర్లలో ఎక్కువ వాటికి లేదు.

ఇంట్లో మందు నింపుకున్న తూటాలు, ఊరూపేరూ లేని అమ్మకందారు సంచుల్లో అమ్మే ‘మళ్లీ నింపినవి’ సాధనకు సరే. వెంట ఉంచుకోవడానికి వద్దని మసాద్ అయూబ్ వంటి శిక్షకులు దశాబ్దాలుగా చెబుతున్నారు. నాణ్యత ఒక కారణం. కాల్పుల తర్వాత కోర్టులో మందు మరకలను బట్టి ఎంత దూరం నుంచి కాల్చారో లెక్కగట్టాల్సి వస్తే, కర్మాగారపు తూటాకు పోల్చిచూసే నమూనా దొరుకుతుంది. ఇంట్లో చేసినదానికి దొరకదు.

తన తుపాకిలో పరీక్ష

పిస్టల్ తనంతట తాను మళ్లీ నింపుకునే యంత్రం. గుండు మొన ఆకారం కొంచెం మారితే బ్యారెల్ వాలు దగ్గర తట్టుకుని ఆగవచ్చు. మందు తక్కువైతే స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాదు. మంచి రోజుల్లో కొత్త రకం తూటాలు 200 కాల్చి, ఒక్కసారీ ఆగకపోతేనే నమ్మాలన్నది పాత సూత్రం. ఒక్కో తూటా డాలరు దాటే కొరతలో అది అందరికీ సాధ్యం కాదు. నడిమార్గం ఏమిటంటే, ప్రతి మ్యాగజైన్‌తోనూ, ఒంటి చేత్తోనూ కలిపి ఒక యాభై కాల్చడం, అదే బరువు సాధన తూటాలు ఎక్కువగా కాల్చడం. ఒక్క డబ్బా మాత్రమే దొరికితే అది చాలదు; నాలుగు డబ్బాలు దొరికే రెండో రకం, ఒకే డబ్బా దొరికిన మొదటి రకం కన్నా మేలు.

గురి కూడా మారుతుంది. చేతి తుపాకిలో సాధారణంగా బరువైన గుండు పైకి, తేలికైనది కిందికి తగులుతుంది, ఎందుకంటే నెమ్మది గుండు బ్యారెల్ దాటేలోపు తన్నుకు మొన ఎక్కువగా లేస్తుంది. పది మీటర్ల లోపు తేడా కొంచెమే గానీ, సర్దుబాటు లేని గురి ఉన్న రివాల్వర్లలో కనబడేంత ఉంటుంది. తేలిక లోహపు రివాల్వర్లలో మరో ప్రమాదం: కాల్చిన తూటా తన్నుకు మిగతా తూటాల్లోని గుండ్లు ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా పట్టేస్తాయి. స్మిత్ అండ్ వెసన్ కొన్ని .357 నమూనాల బ్యారెల్ మీద 120 గ్రెయిన్లకు తక్కువ గుండు వాడవద్దని చెక్కడానికి కారణం వేరు: సిలిండర్ త్వరగా అరిగిపోకుండా చూడటం.

రివాల్వర్‌లో గుండు ముందుకు జారితే, పిస్టల్‌లో దానికి సరిగ్గా తలకిందులు జరుగుతుంది. రాత్రి ఖాళీ చేసి, పొద్దున్నే అదే తూటాను మళ్లీ చాంబర్‌లోకి ఎక్కిస్తూ పోతే గుండు కొంచెం కొంచెంగా గుల్లలోకి దిగిపోతుంది. లోపలి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. కొరతలో తూటా ఖరీదైనప్పుడు ఈ అలవాటు మరీ ఎక్కువవుతుంది. పక్కన కొత్త తూటా నిలబెట్టి పొడవు పోల్చి, పొట్టిబడ్డ దాన్ని పక్కన పెట్టడం తప్ప వేరే మందు లేదు.

చట్టం

అమెరికాలో హాలో పాయింట్ మీద సమాఖ్య నిషేధం లేదు. న్యూజెర్సీలో మాత్రం ఇంట్లో, సొంత స్థలంలో, కాల్పుల మైదానంలో ఉంచుకోవచ్చు గానీ, వీధిలో వెంట పెట్టుకోవడానికి అనుమతి పత్రం ఉన్నా కుదరదు. గుంటలో ప్లాస్టిక్ నిండిన రకాలను ఆ రాష్ట్ర పోలీసులు హాలో పాయింట్‌గా లెక్కించరు. దాంతో తుపాకి బయట వెంట ఉంచుకునే హక్కును గుర్తించిన 2022 సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత కొత్తగా అనుమతులు పొందినవారు అక్కడ ఒకటి రెండు రకాల వెంటే పడ్డారు. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి తూటాలు కొనేవారికి కూడా పూర్వాపరాల తనిఖీ పెట్టింది. పొరుగు రాష్ట్రంలో కొని తెచ్చుకునే దారిని కూడా ఆ చట్టం మూసింది. కొరతలో రాష్ట్రం దాటి కొనే అలవాటు ఉన్నవారు అక్కడ చిక్కుల్లో పడ్డారు.

అమెరికాలోని తెలుగువారు ముందుగా తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు సమాఖ్య చట్టం ప్రకారం తుపాకినే కాదు, ఒక్క తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. స్నేహితుడితో కాల్పుల మైదానానికి వెళ్లి వచ్చాక సంచి మూలల్లో ఒక తూటా మిగిలిపోతే, అది శంషాబాదు విమానాశ్రయంలోనో గన్నవరంలోనో స్కానర్‌లో కనబడితే, భారత ఆయుధ చట్టం కింద విచారణ తప్పదు. సంచిలో ఉన్నట్టు నిజంగా తెలియదని తేలిన కేసులను కోర్టులు కొట్టేశాయి, కానీ అక్కడిదాకా వెళ్లేసరికి విమానం వెళ్లిపోతుంది.

భారతదేశంలో ఈ వ్యాసంలోని ఎంపికలు దాదాపు ఏవీ వర్తించవు. 1959 ఆయుధ చట్టం కింద 9 ఎంఎం పౌరులకు నిషిద్ధ తరగతి. లైసెన్సుదారులకు మిగిలిన చేతి తుపాకి ప్రధానంగా .32. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. దేశవాళీ తూటాలు ఖడ్కీ కర్మాగారపు ‘కేఎఫ్’ ముద్రతో వస్తాయి. 2021 అక్టోబరు నుంచి ఆ కర్మాగారం మ్యూనిషన్స్ ఇండియా కంపెనీ కిందికి వెళ్లింది. ఇక్కడ ఒకేలా కనిపించే తూటాల చిక్కు వేరే రూపంలో ఉంది. కాన్పూరులో తయారయ్యే రివాల్వర్‌దీ, ఇషాపూర్ ‘అశని’ పిస్టల్‌దీ రెండూ వాడుకలో ‘.32’లే. మొదటిది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, అంచు ఉన్న పొడవు తూటా, రెండోది 7.65 ఎంఎం బ్రౌనింగ్, పొట్టిది. ఒకదాని బదులు మరొకటి పనిచేయదు. కాబట్టి దుకాణంలో బోరు సంఖ్య ఒక్కటే చెబితే చాలదు, ఆయుధం పిస్టలో రివాల్వరో కూడా చెప్పాలి.